పాతకాలపు ప్రయాణికుల హెలికాప్టర్ సర్వీసులను సిమ్యులేటర్‌లో నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాడీపేట మాస్టారు:

అందరికీ నమస్కారం. నాది గుంటూరు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. కొంతకాలంగా కంప్యూటరు మీద ఎక్స్-ప్లేన్ 12 అనే సిమ్యులేటర్‌లో విమానాలు నడుపుతున్నాను కానీ, ఈమధ్య మనసు హెలికాప్టర్ల మీదికి మళ్లింది. నాకు కావలసినవి ఇప్పటి అంబులెన్సు హెలికాప్టర్లూ, ఎన్నికల ప్రచారపు హెలికాప్టర్లూ కావు. 1950, 60 దశకాల్లో అమెరికాలోనూ ఐరోపాలోనూ మామూలు జనం టికెట్టు కొనుక్కుని, సిటీ బస్సు ఎక్కినట్టు ఎక్కి తిరిగిన హెలికాప్టర్ సర్వీసులను నాటి దారిలో, నాటి వేళల ప్రకారం మళ్లీ నడిపి చూడాలని నా కోరిక.

చదివినకొద్దీ ఏది ఎంచుకోవాలో తేలడం లేదు. 1950 జూన్‌లో బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ వారు ముగ్గురు ప్రయాణికులు పట్టే, అమెరికాలోని సికోర్‌స్కీ కంపెనీవారి ఎస్-51 హెలికాప్టరుతో లివర్‌పూల్, కార్డిఫ్‌ల మధ్య సర్వీసు మొదలుపెట్టారు. 1953లో న్యూయార్క్ ఎయిర్‌వేస్ వారు, అదే ఏడు సెప్టెంబరులో బెల్జియంకు చెందిన సబేనా వారు ఎస్-55లతో రంగంలోకి దిగారు. సబేనా వారు 1957 నాటికి ఎస్-58లతో బ్రస్సెల్స్ నుంచి పారిస్‌లోని ఇసీ హెలిపోర్టు దాకా వెళ్లారు. చికాగో, లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసులు వీటికి అదనం. వీటిలో దేనితో మొదలుపెడితే బాగుంటుంది? అచ్చంగా ఆ హెలికాప్టరు మోడలే దొరకకపోతే మరో దానితో సరిపెట్టుకోవడం ఎంతవరకు సబబు? చివరిగా కొంచెం మొహమాటంగానే అడుగుతున్నాను: అదే పద్ధతిలో గన్నవరం నుంచి గుంటూరుకు ఒక ఊహా సర్వీసు నడిపితే నవ్వులపాలవుతానా?

పటమట వైమానికుడు:

మాస్టారూ, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. గన్నవరం విమానాశ్రయం నుంచి గుంటూరు నడిబొడ్డుకు గాలిలో సూటిగా కొలిస్తే దాదాపు 46 కిలోమీటర్లు, అంటే 25 నాటికల్ మైళ్లు. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం నుంచి అనాహైమ్‌లోని డిస్నీల్యాండ్‌కు కూడా ఇంచుమించు అంతే దూరం. లాస్ ఏంజెలెస్ ఎయిర్‌వేస్ వారికి పేరు తెచ్చిపెట్టిన దారి అదే. 1947లో ఎస్-51లతో టపా మోయడంతో మొదలై, 1954లో ఎస్-55లతో ప్రయాణికులను ఎక్కించుకోవడం ప్రారంభించి, 1962 మార్చిలో ఎస్-61ఎల్‌తో టర్బైన్ హెలికాప్టర్ల యుగంలోకి అందరికంటే ముందు అడుగుపెట్టిన సంస్థ అది. కాబట్టి ముందు అక్కడ నడపండి, ఆ తర్వాత అవే లెక్కలను గన్నవరం దారికి తెచ్చుకోండి. నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఈ పనిలో చాలామంది నెలల తరబడి మోడళ్ల కోసం, సంస్థ రంగుల కోసం వెతుకుతూ కూర్చుంటారు. నా దృష్టిలో పాత సర్వీసుకు ప్రాణం దాని టైంటేబుల్. ఏదో ఒక సంవత్సరాన్ని, ఒకే ఒక్క దారిని ఎంచుకుని, నాటి హెలికాప్టరు వేగాన్ని, మోయగల బరువును, దిగిన చోట ఆగే వ్యవధిని కచ్చితంగా పాటిస్తే, తెర మీద కనిపించే యంత్రం కొంచెం వేరుగా ఉన్నా అనుభవం మాత్రం నిజానికి దగ్గరగా వస్తుంది. ఎస్-55 దాదాపు 75 నాట్ల (గంటకు 75 నాటికల్ మైళ్ల) వేగంతో ఆ దూరాన్ని 20 నిమిషాల్లో దాటితే, 28 మంది దాకా పట్టే ఎస్-61ఎల్ 115 నుంచి 120 నాట్లతో 13 నిమిషాల్లో దాటుతుంది. ఆ ఏడు నిమిషాల తేడా రోజంతటి మీద ఎన్ని ట్రిప్పులవుతుందో, ఒక్కో ట్రిప్పుకు ఎన్ని సీట్లవుతాయో లెక్కవేసి చూడండి. సంస్థలు అప్పు చేసైనా టర్బైన్ యంత్రాలను ఎందుకు కొన్నాయో, 1965లో అమెరికా ప్రభుత్వం తమకిచ్చే రాయితీ ఆపేయగానే ఎందుకు తలకిందులయ్యాయో అప్పుడు అర్థమవుతుంది. రాయితీ లేకుండానే పుట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ సంగతి వేరు.

మీ ఎక్స్-ప్లేన్ 12తోపాటు వచ్చే హెలికాప్టర్లలో ఎస్-76 ఉంది. అది కూడా సికోర్‌స్కీదే, రెండు టర్బైన్లదే, రోటరు తిరిగే దిక్కూ అదే. ఎస్-61 కంటే చిన్నది, చురుకైనది. దాన్ని 115 నాట్లు దాటనివ్వకుండా, పూర్తి బరువుతో నడిపితే పని జరిగిపోతుంది.

ఆటోనగర్ రెంచి:

టైంటేబుల్ గురించి పైన చెప్పినది ఒప్పుకుంటాను కానీ, చేతిలో సరైన పిడి లేనిదే ఏ టైంటేబులూ నిలబడదు. విమానం జాయ్‌స్టిక్కుతో హెలికాప్టర్ నడిపేవారి కష్టమంతా రెండు చోట్ల ఉంటుంది. జాయ్‌స్టిక్కులోని స్ప్రింగు ఎప్పుడూ మధ్యకు లాగుతుంటే సైక్లిక్‌ను, అంటే హెలికాప్టరును ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచే పిడిని, పెట్టిన చోట నిలపలేరు. పక్కనుండే చిన్న థ్రాటిల్ మీటను కలెక్టివ్‌గా, అంటే హెలికాప్టరును పైకి లేపి కిందికి దించే ఎడమచేతి లివరుగా, వాడితే, వేలెడు కదలికలోనే హెలికాప్టరు పైకి ఎగరడమూ కింద పడడమూ రెండూ ఉంటాయి.

మన ఊళ్లో ఉండి ఈ కష్టం పడనక్కర్లేదు. నేను ఆటోనగర్‌లోని పాత సామాన్ల కొట్లో ఒక జీపు హ్యాండ్‌బ్రేకు లివరు తెచ్చి, లోపలి పళ్లచక్రాన్నీ దాన్ని పట్టి ఆపే నాలుకనూ తీసేయించాను. ఇరుసు దగ్గర రెండు వాషర్లు వేసి నట్టు బిగిస్తే, లివరు ఎత్తిన చోటనే నిలుస్తుంది, కిందికి జారదు. ఇరుసు చివర, అది ఎంత తిరిగిందో కంప్యూటరుకు తెలియజేసే ఒక పొటెన్షియోమీటరు, దానికి ఒక చిన్న యూఎస్‌బీ బోర్డు, అంతే. లివరు కొసన మోటారుసైకిలు యాక్సిలరేటరు పిడిని తొడిగి, దానికీ ఇంకో పొటెన్షియోమీటరు కలిపాను. ఎటు తిప్పితే థ్రాటిల్ తెరుచుకోవాలో సిమ్యులేటరు సెట్టింగుల్లో తిరగేసుకోవచ్చు.

ఆ తిరిగే పిడి అలంకారానికి పెట్టింది కాదు. ఎస్-55, ఎస్-58లలో ముక్కులోపల విమానపు పిస్టన్ ఇంజను ఉండేది, పైలట్లు దాని వెనక, ప్రయాణికుల గదికి పైన ఎత్తుగా కూర్చునేవారు. కలెక్టివ్ ఎత్తినప్పుడల్లా రోటరు వేగం పడిపోకుండా థ్రాటిల్ తెరవాలి, దించినప్పుడల్లా వేగం హద్దు దాటకుండా మూయాలి. ఎడమ చెయ్యి ఎత్తుతూ తిప్పుతూ ఉంటుంది, కళ్లు వేగం చూపే ముల్లు మీద ఉంటాయి, ఇంజను శక్తి మారినప్పుడల్లా ముక్కు పక్కకు తిరగకుండా పాదాలు తోక రోటరు పెడళ్లను సర్దుతుంటాయి. ఎస్-61లో ఆ సర్దుబాటును టర్బైన్ల నియంత్రణ వ్యవస్థే చూసుకుంటుంది. చికాగోలో రోజంతా మిడ్‌వే, ఓహేర్, మెగ్స్ విమానాశ్రయాల మధ్య ఎస్-58లను తిప్పిన పైలట్ల శ్రమ తెలియాలంటే ఈ పిడి ఉండాలి.

మరో హెచ్చరిక. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో 2022లో వచ్చిన కాబ్రీ జీ2 అనే చిన్న హెలికాప్టరుతో నేర్చుకుని, తర్వాత సికోర్‌స్కీ మోడళ్లకు మారదామనుకునేవారు జాగ్రత్తపడాలి. ఫ్రెంచివారి కాబ్రీ రోటరు పైనుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది, అమెరికా హెలికాప్టర్ల రోటరు దానికి ఎదురుదిశలో తిరుగుతుంది. కలెక్టివ్ ఎత్తినప్పుడు ఒకదానిలో కుడి పెడలు తొక్కాలి, మరొకదానిలో ఎడమ పెడలు. కాళ్లకు ఒకసారి పట్టుబడ్డ అలవాటు ఓ పట్టాన వదలదు.

లబ్బీపేట స్కైలైన్:

అందరూ లాస్ ఏంజెలెస్ అంటున్నారు, న్యూయార్కును ఎవరూ తలవకపోవడం అన్యాయం. మన్‌హట్టన్ నడిమధ్యన 59 అంతస్తుల పాన్ యామ్ భవనం పైకప్పు మీది నుంచి లేచి, పది నిమిషాల్లోపు కెనెడీ విమానాశ్రయంలో దిగడాన్ని మించిన దృశ్యం ఈ చరిత్రలో మరొకటి లేదు. మాస్టారూ, మీరు మొదలుపెట్టవలసింది అక్కడేనని నా అభిప్రాయం.

అయితే ఇక్కడ సంవత్సరం విషయంలో చాలా నిక్కచ్చిగా ఉండాలి. ఆ పైకప్పు హెలిపోర్టు 1965 డిసెంబరులో మొదలై 1968లో మూతపడింది. ఆ కాలంలో అక్కడ దిగినవి ముందూ వెనకా రెండు రోటర్లుండే బోయింగ్ వెర్టాల్ 107లు. ఎస్-61ఎల్‌లు అక్కడికి వచ్చింది 1977 ఫిబ్రవరిలో రెండోసారి తెరిచినప్పుడు, అదీ మే నెల 16 దాకా మాత్రమే. ఆ రోజు రోటరు తిరుగుతూ ఉండగా ప్రయాణికులు ఎక్కుతున్న వేళ, లోహపు అలసట వల్ల కుడివైపు చక్రాల కాలు విరిగి హెలికాప్టరు పక్కకు ఒరిగింది. రోటరు రెక్కలు తగిలి పైకప్పు మీద నలుగురు, ఎగిరిపడిన ముక్క తగిలి కింద వీధిలో ఒక పాదచారి మరణించారు. హెలిపోర్టు మళ్లీ తెరుచుకోలేదు. అందువల్ల ఎస్-61తో పాన్ యామ్ భవనం మీద దిగుతూ 1966 అని పేరు పెట్టే వీడియోలను చూసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది.

భవనాల సంగతి కూడా అలాంటిదే. 1965లో నడిపితే మన్‌హట్టన్ దక్షిణ కొసన వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట గోపురాలు ఉండకూడదు, 1977లో నడిపితే ఉండి తీరాలి. ఇప్పటి సీనరీలో ఈ రెండూ కాక, కొత్త టవరు ఒకటి నిలబడి ఉంటుంది. ఎక్స్-ప్లేన్‌లోని నేల, భవనాలు మార్చుకోవడానికి ఉచితంగా దొరికే వరల్డ్ ఎడిటర్ అనే ప్రోగ్రాములో ఆ చోటుకు మినహాయింపు గీత గీస్తే, ఆ పరిధిలోని భవనాలు కనపడకుండా పోతాయి. కెనెడీలో పాన్ యామ్ టెర్మినల్‌ను కూల్చేశారు కానీ, 1962 నాటి టీడబ్ల్యూఏ టెర్మినల్ భవనం ఇప్పుడు హోటల్ రూపంలో నిలిచే ఉంది. దిగేటప్పుడు దాన్ని గురుతుగా పెట్టుకోవచ్చు.

పటమట వైమానికుడు:

దృశ్యం గొప్పదే, కాదనను. కానీ కొత్తగా హెలికాప్టరు పట్టినవారిని 800 అడుగుల ఎత్తున్న పైకప్పు మీదికి పంపడం నాకు సమ్మతం కాదు. భవనాల అంచున గాలి సుడులు తిరుగుతుంది. వేగం 30 నాట్లకు తగ్గాక నిమిషానికి 300 అడుగులు మించి దిగితే, రోటరు తన గాలిలో తానే చిక్కుకుని, కలెక్టివ్ ఎత్తినకొద్దీ ఇంకా వేగంగా కిందికి పడుతుంది. విశాలమైన నేల మీద దిగేటప్పుడు ముక్కు దించి ముందుకు పోయి బయటపడవచ్చు, పైకప్పు మీద ఆ వెసులుబాటు చాలా తక్కువ. పైగా రెండు ఇంజన్ల హెలికాప్టర్లు ఎత్తైన ప్యాడు మీది నుంచి లేచేటప్పుడు, ప్యాడు కళ్లకు కనపడుతూ ఉండేలా వెనక్కి జరుగుతూ పైకి లేచే పద్ధతి ఒకటుంది. ఒక ఇంజను ఆగిపోతే తిరిగి ప్యాడు మీదికే దిగిపోవడానికి అది. అది చేతికి పట్టాక న్యూయార్కు వెళ్లండి. అప్పటికీ వెర్టాల్ 107 దొరకడం కష్టమే. అలాగే రెండు రోటర్లుండే సైనిక హెలికాప్టరు చినూక్ మోడళ్లు దొరుకుతాయి కానీ అది మరీ పెద్దది.

బ్రాడీపేట మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. హ్యాండ్‌బ్రేకు లివరు ఆలోచన చదవగానే ఆటోనగర్ వెళ్లాలనిపించింది. రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, గన్నవరం సర్వీసును మే నెల మధ్యాహ్నపు ఎండలో నడిపితే లాస్ ఏంజెలెస్ లెక్కలు పనికివస్తాయా? రెండు, మన వాతావరణానికీ నదులకూ దగ్గరగా ఉండే పాత సర్వీసు ప్రపంచంలో ఎక్కడైనా నడిచిందా?

కృష్ణలంక నావికుడు:

మొదటిదానికి జవాబు మీకే బాగా తెలుసు మాస్టారూ, వేడెక్కిన గాలి పలచబడుతుంది. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు ఉండాలి. మన దగ్గర 45 డిగ్రీలు ఉంటే తేడా 30 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున లెక్కేస్తే, గన్నవరం నేల మీద నిలబడిన హెలికాప్టరుకు తాను దాదాపు 3,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. ఎస్-55 లాంటి పిస్టన్ యంత్రమైతే ఇద్దరు ముగ్గురు ప్రయాణికులను దింపేయక తప్పదు. సిమ్యులేటరులో లైవ్ వాతావరణాన్ని ఆపేసి, ఉష్ణోగ్రతను చేత్తో పెట్టి, ప్రయాణికుల బరువును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ గాలిలో స్థిరంగా నిలవడానికి ఎంత శక్తి కావాలో చూడండి. ఉదయం ఆరింటి సర్వీసుకూ మధ్యాహ్నం రెండింటి సర్వీసుకూ వేర్వేరు సీట్ల సంఖ్య పెట్టుకోవలసి వస్తుంది.

రెండోదానికి జవాబు మన పక్కనే ఉంది. నాటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ వారు 1963 నుంచి ఎస్-61ఎన్ (ఎస్-61లోనే నీటి మీద దిగగల రకం) హెలికాప్టర్లతో ఢాకా నుంచి ఖుల్నా, ఫరీద్‌పూర్ వంటి ఊళ్లకు సర్వీసులు నడిపారు. అడుగడుగునా నదులు అడ్డుపడి, రోడ్డు మీద పడవల మీద పూటల తరబడి సాగే ప్రయాణానికి బదులుగా పెట్టిన సర్వీసు అది. వరి పొలాలు, కాలువలు, తేమ నిండిన గాలి, వానాకాలపు మబ్బు, అంతా మన డెల్టాయే. 1966 ఫిబ్రవరిలో ఫరీద్‌పూర్ దగ్గర ఒక హెలికాప్టరు కూలి 24 మందిలో 23 మంది మరణించారు. ఆ ఏడాదే సర్వీసులు ఆగిపోయాయి. డిస్నీల్యాండ్ దారి కంటే ఇదే మీకు నచ్చుతుందనుకుంటాను.

నీటి మీద నడపడం ఇష్టమైతే, ఇంగ్లండులోని పెన్‌జాన్స్ నుంచి సిల్లీ దీవుల దారిని కూడా చూడండి. 1964 నుంచి 2012 దాకా, ఎక్కువ కాలం ఎస్-61ఎన్‌లతోనే నడిచిన సర్వీసు అది. ప్రయాణం సుమారు 20 నిమిషాలు. 1983 జులై 16న ఆ దారిలోనే పొగమంచులో వెళ్తున్న హెలికాప్టరు, పైలట్లు గమనించకుండానే మెల్లగా కిందికి దిగుతూ సముద్రాన్ని తాకి 20 మంది మరణించారు. సిమ్యులేటరులో కనపడే దూరాన్ని ఒక కిలోమీటరుకు తగ్గించి, గాలి లేకుండా చేసి, 250 అడుగుల ఎత్తున నీటి మీద వెళ్లి చూడండి. నీరూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి, ఎత్తుమాపకాన్ని చూడడం కాసేపు మానేస్తే హెలికాప్టరు దిగుతున్న సంగతి శరీరానికి తెలియదు. ఎత్తు తగ్గినప్పుడు చెవికి వినపడే హెచ్చరిక ఉండాలన్న నియమం ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది.

లబ్బీపేట స్కైలైన్:

మన దేశపు ముచ్చట ఒకటి చేర్చుతాను. 1985లో ఏర్పడిన ప్రభుత్వ హెలికాప్టర్ల సంస్థ పవన్ హంస్‌కు బ్రిటిషువారి సహాయంతో వచ్చిన 21 వెస్ట్‌లాండ్ 30 హెలికాప్టర్లు కొన్నేళ్లకే ప్రమాదాల తర్వాత మూలనపడ్డాయి. అదే రకంతో 1980లలో లాస్ ఏంజెలెస్‌లో ఎయిర్‌స్పర్ అనే సంస్థ పాత దారులను బతికించబోయి నిలదొక్కుకోలేకపోయింది. వెస్ట్‌లాండ్ 30 మోడలు దొరికినవారు గన్నవరం సర్వీసుకు దాన్ని ఒక ప్రత్యామ్నాయంగా పరిశీలించవచ్చు, కాకపోతే మే నెలలో వద్దు.

పటమట వైమానికుడు:

గన్నవరం దారి వివరాలు ఇవిగో. గన్నవరం నుంచి నైరుతి దిక్కుగా, సుమారు 236 డిగ్రీల మీద బయలుదేరండి. విజయవాడ కుడివైపున ఉంటుంది. కృష్ణను బ్యారేజీకి దిగువన దాటుతారు, ఎడాపెడా ఇసుక తిన్నెలు కనపడతాయి. కాసేపటికి మంగళగిరి కొండ కుడివైపున వస్తుంది, దూరం సరిగా కనపడని రోజున అదే మీకు నమ్మకమైన గురుతు. వెయ్యి అడుగుల ఎత్తు చాలు, ఆ కొండకు ఎడంగానే ఉండండి. గుంటూరులో పోలీసు పరేడ్ గ్రౌండు దిగడానికి వీలైన ఖాళీ స్థలం. వరల్డ్ ఎడిటర్‌లో అక్కడ ఒక హెలిప్యాడు గీసుకోండి.

డిస్నీల్యాండ్ దారి చరిత్ర చెప్పేటప్పుడు ఒక విషయం దాటవేశాను, అది కూడా తెలిసి ఉండాలి. 1968లో మే 22న, మళ్లీ ఆగస్టు 14న, ఆ దారిలోనే రెండు ఎస్-61ఎల్‌లు గాలిలో ఉండగానే రోటరు రెక్కల దగ్గర లోపం వచ్చి కూలిపోయాయి. మొదటిదానిలో 23 మంది, రెండోదానిలో 21 మంది, ఎక్కిన ఒక్కరూ మిగల్లేదు. రెండోదానికి కారణం రెక్కను పట్టి ఉంచే కుదురులో లోహపు అలసట అని తేలింది. సంస్థ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. అందుకే నేను ఆ దారిని 1962, 1967ల మధ్య మాత్రమే నడుపుతాను.

బ్రాడీపేట మాస్టారు:

అయితే నిర్ణయం అయిపోయింది. ముందు 1962 నాటి డిస్నీల్యాండ్ దారిని ఎస్-76తో, 115 నాట్లు మించకుండా నడుపుతాను. తర్వాత ఢాకా, ఖుల్నా. గన్నవరం సర్వీసును మాత్రం డిసెంబరు ఉదయాలకు వాయిదా వేస్తున్నాను. ఆటోనగర్ రెంచి గారూ, లివరు ఇరుసుకు వేసే వాషర్లు నైలానువా, తోలువా?

ఆటోనగర్ రెంచి:

తోలువే వేయించండి మాస్టారూ. నైలాను వాషరు మొదట్లో నున్నగా ఉంటుంది కానీ నట్టు బిగించేకొద్దీ కలెక్టివ్ కుదుపులతో కదులుతుంది, పొటెన్షియోమీటరు అంకెలు ఎగిరెగిరి పడతాయి. తోలు వాషరుకు కొంచెం గ్రీజు రాసి, నట్టు మీద ఇంకో నట్టు వేసి లాక్ చేయండి. పళ్లచక్రం తీసేటప్పుడు ఇరుసును మాత్రం కోయనివ్వకండి, పొటెన్షియోమీటరు తగిలించడానికి దాని కొస కనీసం ఒక అంగుళం బయట ఉండాలి.